మూడోసారి తిప్పిన మెడ

అతని అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. వీధి మొత్తానికి అతను మెడ బాబాయి. నెత్తిన పట్టుమని పది వెంట్రుకలు లేని పెద్దమనుషులు కూడా వారానికి రెండుసార్లు అతని సెలూన్ మెట్లెక్కేవారంటే, అది క్షవరం కోసం కాదని వేరే చెప్పాలా? క్షవరం ఎవరైనా చేస్తారు. మెడ మాత్రం బాబాయే తిప్పాలి.

దానికో పద్ధతుంది. గడ్డం గీయడం అయ్యాక తడి తువ్వాలుతో ముఖం తుడిచి, భుజాలు నాలుగుసార్లు పిసికి, ఒక అరచెయ్యి గడ్డం కింద, రెండోది తల వెనక ఆనించి, ఉయ్యాల ఊపినట్టు కాసేపు ఊపేవాడు. కూర్చున్నవాడు మెడ బిగబట్టుకుని ఉంటాడు కదా, అందుకని ఏదో ఒక కొంటె మాట వదిలేవాడు. "మీ ఆఫీసరు నిన్న ఇదే కుర్చీలో కూర్చున్నాడు. మీ గురించి చెప్పుకుని ఒకటే ఏడుపు" అనేవాడు. అవతలివాడు నవ్వుతాడు. నవ్వినవాడి మెడ వదులవుతుంది. సరిగ్గా అప్పుడు చటుక్కున తిప్పేవాడు. టప్. ఆ తర్వాత రెండోవైపు. టప్. కుర్చీలోంచి లేచినవాడు కొత్త తల తగిలించుకున్నవాడిలా అటూ ఇటూ చూసుకుంటూ వెళ్ళిపోయేవాడు.

ఈ విద్య అతనికి మేనమామ నేర్పాడు. మామ మహా కోపిష్టి. తప్పు చేస్తే దువ్వెనతో నెత్తిమీద ఒక్కటిచ్చేవాడు. "ఒక వైపుకి ఒక్కసారేరా. పలికిందా, సరే. పలకలేదా, వదిలెయ్. మెడంటే సీసా మూత కాదు, వచ్చేదాకా తిప్పడానికి" అనేవాడు. ఎందుకని మేనల్లుడు అడగలేదు. అడిగినా మామకి తెలిసి ఉండేదని చెప్పలేం. ఇరవయ్యారేళ్ళపాటు బాబాయి ఆ మాట జవదాటలేదు. ఒకే ఒక్కసారి దాటాడు.

నాలుగు దుకాణాల అవతల ఓ పెయింటర్ కొట్టు ఉండేది. సైన్‌బోర్డులు రాసేవాడు. మందుల షాపు నుంచి టైర్ల కొట్టు దాకా ఆ వీధిలో ఏ బోర్డు చూసినా అతని అక్షరాలే. ప్లాస్టిక్ బోర్డులు వచ్చి సగం పని ఊడ్చుకుపోయినా, చేతిరాతే కావాలనే మొండివాళ్ళు అతన్ని వెతుక్కుంటూ వచ్చేవారు. ఎడమచేతి వాటం. ఆ ఎడమచేత్తో పది అడుగుల గీత గీస్తే, అనుమానంతో పక్కన స్కేలు పెట్టి చూసినవాడు సిగ్గుపడి ఊరుకోవాల్సిందే. పెళ్ళి చేసుకోలేదు. భర్త పోయిన అక్కతో కలిసి వెనకవీధిలో రెండు గదుల్లో ఉండేవాడు. బాబాయీ అతనూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. అతని అక్కని మాత్రం బాబాయి అక్కా అనేవాడు. "ఇదేం వరసరా మీకు, ఏ లెక్కన కుదిరింది?" అని ఆవిడ పడీపడీ నవ్వేది.

ఆ రోజు ఉదయం పదిన్నరకి పెయింటర్ మెడ ఎడమపక్క పట్టుకుని సెలూన్‌కి వచ్చాడు. రెండ్రోజులుగా ఓ గోడౌన్ గోడ మీద తలెత్తి రాస్తున్నాడు.

"బావా, ఈ పక్క ఒకటే పీకుడు. ఇవాళ గట్టిగా తిప్పాలి" అన్నాడు.

బల్ల మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. అందులో ఒకడు కొత్తవాడు, మెడ బాబాయి పేరు విని రెండు బస్సులు మారి వచ్చినవాడు. కుడివైపు టప్‌మంది. ఎడమవైపు తిప్పితే చప్పుడు రాలేదు. మామ మాట ప్రకారం అక్కడితో ఆగాలి. "పలకలేదు బావా" అని తువ్వాలు దులిపేస్తే అయిపోయేది. కానీ కొత్తవాడు చూస్తున్నాడు. బాబాయికి పేరంటే మహా మోజు, దాన్ని దాచడమెందుకు. రెండోసారి తిప్పాడు. రాలేదు. బల్ల మీద ఎవరో చిన్నగా దగ్గారు. ఆ దగ్గు అతనికి ఎగతాళిలా వినిపించింది. మూడోసారి ఇంకాస్త బలం పెట్టి తిప్పాడు.

ఈసారి వచ్చింది. కానీ టప్‌మని కాదు. తడిబట్టలో ఏదో తెగినట్టు మెత్తటి చప్పుడు.

పెయింటర్ "అబ్బ" అని కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి తెరిచి, "లైటు ఊగుతోందేంటి బావా?" అన్నాడు. గోడకి బిగించిన ట్యూబులైటు ఎలా ఊగుతుంది? "ఫ్యాను గాలికిలే" అన్నాడు బాబాయి. టీ తాగితే సర్దుకుంటుందని పెయింటర్ వెళ్ళిపోయాడు. కొత్తవాడు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. వాడికి రెండు వైపులా ఒక్కోసారికే పలికింది.

మర్నాడు మధ్యాహ్నం పెయింటర్ గోడౌన్ గోడ దగ్గర కూలబడ్డాడు. గీస్తున్న గీత రెండుగా కనపడిందట. ఏది అసలుదో తేల్చుకోలేక రెంటికీ మధ్యలో కుంచె పెట్టాడట. ఆ తర్వాత నేల గిర్రున తిరిగి, వాంతులై, మాట ముద్దయిపోయింది. పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. మెదడుకి రక్తం సరిగా అందలేదన్నారు. ప్రాణం దక్కింది. మాట తిరిగొచ్చింది, నడకా కొంత వచ్చింది. ఎడమచెయ్యి మాత్రం దారికి రాలేదు. అందులో బలముంది, పట్టు ఉంది, కానీ గ్లాసు అందుకోబోతే చెయ్యి గ్లాసుని దాటి ముందుకెళ్ళిపోతుంది. ఇక గీత సంగతి చెప్పనక్కర్లేదు.

"ఎండలో తలెత్తి తలెత్తి రాశాడు పాపం, ఎండదెబ్బే" అని వీధివాళ్ళందరూ తేల్చేశారు. బాబాయి తలూపాడు. తలూపినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అప్పట్నుంచి ఆ మెత్తటి చప్పుడు అతని వెంటపడింది. ఇంట్లో భార్య బీన్స్ తుంచుతుంటే అందులో వినపడేది. తువ్వాలు పిండుతుంటే వినపడేది. సెలూన్‌లో ముందొకటి వెనకొకటి ఎదురెదురుగా రెండు అద్దాలుండేవి. కుర్చీలో కూర్చున్నవాడి తల ఒకదాని వెనక ఒకటిగా చాలా దూరందాకా కనిపిస్తుంది. ఆ వరసలో నాలుగోదో ఐదోదో ఒక తల కాస్త ఎడమకి ఒరిగి, మెడ మీద నల్ల పుట్టుమచ్చతో కనపడేది. ఆ మచ్చ పెయింటర్‌ది. కత్తెర ఆపి తేరిపార చూస్తే తలలన్నీ ఒకేలా ఉండేవి. చూపు తిప్పుకుంటే మళ్ళీ ఒరిగేది. చివరికి వెనక అద్దం మీద తువ్వాళ్ళు ఆరేయడం మొదలుపెట్టాడు. "వెనక ఎలా వచ్చిందో చూపించవా బాబాయ్?" అంటే, "బ్రహ్మాండంగా ఉంది, నా మాట నమ్ము" అనేవాడు.

మెడలు తిప్పడం మానేశాడు. ఊరికే మానేస్తే నలుగురూ నాలుగు ప్రశ్నలు వేస్తారు. అందుకని మణికట్టుకి గుడ్డపట్టీ చుట్టుకుని, నరం పట్టిందన్నాడు. వచ్చినవాళ్ళు జాలిపడి తలో ఆయింట్‌మెంటూ తెచ్చిచ్చారు. అద్దం కింద అరలో తొమ్మిది ట్యూబులు పోగయ్యాయి. నరం పట్టిన చేత్తో కత్తెర మాత్రం అంత చకచకా ఎలా ఆడుతోందని ఒక్కరికీ అనుమానం రాలేదు. మెడ కోసమే వచ్చేవాళ్ళు మెల్లమెల్లగా ఎదురుగా తెరిచిన ఏసీ పార్లర్‌కి మళ్ళిపోయారు.

భార్య మాత్రం ఏమార్చగలిగే మనిషి కాదు. ఓ పొద్దున టీ గ్లాసు చేతికిస్తూ ఆవిడ అడిగింది.

"నిన్న పట్టీ కుడిచేతికి ఉంది. ఇవాళ ఎడమచేతికొచ్చింది. నరం నడుచుకుంటూ వెళ్ళిందా ఏంటి?"

బాబాయి చేతులు చూసుకున్నాడు. నిజమే. ఇక దాచి లాభం లేదని ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"ఆయన అడిగాడా?" అంది ఆవిడ.

"లేదు."

"వాళ్ళక్క?"

"లేదు."

"మరి మీరెందుకు ముందుకి పడి చెప్పడం? చెప్తే ఆ చెయ్యి తిరిగొస్తుందా? వీధంతా తెలిసి మన షాపు మూతపడుతుంది, అంతే. నోరు మూసుకుని, ఆయనకి చేతనైంది చేస్తూ ఉండండి."

చేతనైంది గడ్డం గీయడమే. అది అప్పటికే చేస్తున్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాటి నుంచీ, షాపు తెరవకముందే సామాను పెట్టె పట్టుకుని రోజూ పెయింటర్ ఇంటికి వెళ్ళేవాడు. అక్క వేడినీళ్ళు తెచ్చిపెట్టేది. కిటికీ పక్కన కుర్చీ వేసి గీసేవాడు. గడ్డం పైకెత్తాలంటే ఒక్క వేలి కొసతో ఎత్తేవాడు. మెడ మీద చెయ్యి పడనిచ్చేవాడు కాదు. "సొంత తమ్ముడైనా ఇంత చెయ్యడు తమ్ముడూ" అనేది అక్క. ఆవిడ మెచ్చుకున్న ప్రతిసారీ బాబాయికి నేల చీలి అందులోకి పోతే బాగుండుననిపించేది.

తన చెయ్యే చేసిందా, ఎండే చేసిందా? అది తేలకపోతే పిచ్చెక్కేలా ఉంది. ఓ సెలవురోజున, తనని ఎవరూ ఎరగని దూరపు ఆసుపత్రికి వెళ్ళి, చీటీ రాయించుకుని, మూడు గంటలు వరసలో కూర్చున్నాడు. మెదడు డాక్టరమ్మ లోపలికి పిలిచింది. మెడనొప్పి అన్నాడు. ఆవిడ పరీక్షించడానికి ఒక చెయ్యి గడ్డం కింద, ఇంకో చెయ్యి తల వెనక పెట్టింది. బాబాయి స్టూలు మీంచి ఎగిరి గోడకి కరుచుకున్నాడు.

"తిప్పకండమ్మా!"

"నేనేం తిప్పడం లేదండీ, చూస్తున్నానంతే" అని ఆవిడ అతన్ని కాసేపు తేరిపార చూసింది. "మీ మెడకేం లేదు. అసలు సంగతేంటో చెప్పండి."

"మా బావకి" అని మొదలుపెట్టాడు. ఎవడో సెలూన్‌వాడు తిప్పాడని చెప్పాడు. ఆ ఎవడో ఎలాంటి వెధవో కూడా చెప్పాడు. డాక్టరమ్మ బల్ల మీదున్న ప్లాస్టిక్ మెడ ఎముకల బొమ్మని అతని ముందుకి జరిపింది.

"గుండెలోంచి పెద్ద నాళం పైకి లేచి గొడుగు పిడిలా వంగుతుంది. మెదడుకి వెళ్ళే దారులన్నీ ఆ వంపు దగ్గరే మొదలవుతాయి. మొత్తం నాలుగు. ముందువైపు రెండు, గొంతుకి అటొకటి ఇటొకటి. వేళ్ళు పెడితే కొట్టుకుంటూ తెలుస్తాయి. వెనకవైపు రెండు మాత్రం చేతికి అందవు. ఇదిగో, మెడ ఎముకలకి పక్కన చిల్లులున్నాయి చూశారా? వాటిలోంచి, పూసల్లో దారం ఎక్కించినట్టు పైకి పోతాయి. అన్నిటికంటే పై ఎముక దగ్గర ఒక మెలిక తిరిగి, పుర్రె అడుగున ఉన్న కంతలోంచి లోపలికి దూరతాయి. అక్కడ రెండూ కలిసి ఒకటవుతాయి. మెడ విసురుగా తిప్పితే లాగుడు పడేది ఆ మెలిక మీదే."

"లాగుడు పడితే?"

"లోపలి పొర చీలొచ్చు. చీలిన చోట రక్తం గడ్డకడుతుంది. ఆ ముక్క ఊడి పైకి కొట్టుకుపోయి ఏ సన్న పాయలోనో ఇరుక్కుంటే, దాని మీద బతికే చోటు పాడైపోతుంది. మీరు చెప్పినట్టు కళ్ళు తిరగడం, రెండుగా కనపడటం, చెయ్యి గురి తప్పడం."

"గుండె నుంచి పైదాకా రక్తం పోవడానికి ఎంతసేపు పడుతుందమ్మా?"

"కొన్ని సెకన్లు. మీరు ఈ ప్రశ్న అడిగేలోపు వెళ్ళిపోతుంది."

బాబాయి ఆ బొమ్మకేసే చూస్తున్నాడు. "అయితే వాడు తిప్పబట్టే" అన్నాడు.

"అలా చెప్పలేం. రెండ్రోజుల ముందు నుంచే నొప్పి ఉందన్నారు కదా? చీలినప్పుడు మొదట వచ్చేది ఆ నొప్పే. పట్టేసిందనుకుని తిప్పించుకోడానికి వెళ్తారు. తిప్పినందుకు చీలిందో, చీలినందుకు తిప్పించుకున్నాడో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు."

"ఎవరూనా?"

"ఎవరూ. కానీ ఇలాంటి కేసు వస్తే మేం ముందు అడిగేది అదే, మెడ ఎవరైనా తిప్పారా అని. మీ బావని కూడా అడిగే ఉంటారు."

ఉన్న దయ్యాన్ని వదిలించుకుందామని వెళ్తే ఇంకో దయ్యం పట్టుకుంది. అడిగే ఉంటారు. మరి బావ ఏం చెప్పాడు? చెప్తే ఇన్నాళ్ళు ఎవరూ తన ఇంటి మీదికి ఎందుకు రాలేదు? చెప్పకపోతే ఎందుకు చెప్పలేదు? కుర్చీలో ఎవరు కూర్చున్నా బాబాయికి ఇప్పుడు చర్మం కింది దారులే కనపడేవి. దవడ కింద కత్తి ఆనిస్తే అక్కడ కొట్టుకుంటున్నది కంటికి తెలిసేది. వెనకవైపు ఎముకల్లోంచి కనపడకుండా ఎక్కిపోతున్నది తెలియకపోయినా తెలిసేది. కొన్ని సెకన్లు, కొన్ని సెకన్లు అని లోపల ఎవరో లెక్కపెడుతున్నట్టుండేది. ఇద్దరు ముగ్గురికి చెంప మీద గాటు పడింది కూడా. ఇరవయ్యారేళ్ళలో లేనిది.

పెయింటర్ ఇంట్లో మాత్రం మాట వాతావరణాన్ని దాటేది కాదు. ఎండెక్కువగా ఉంది, వానొచ్చేలా ఉంది. "ఆ ఎండే బావా నీ కొంప ముంచింది" అని బాబాయే ఒకటి రెండుసార్లు అన్నాడు. అనకూడదని తెలిసే అన్నాడు, అవతలివాడి ముఖం ఏం చెప్తుందో చూద్దామని. పెయింటర్ ముఖం ఏమీ చెప్పలేదు.

పదకొండో నెలలో ఒక పొద్దున, కుడి చెంప పూర్తయి ఎడమ చెంప మీద నురగ ఇంకా అలాగే ఉంది. అక్క సంచీ తీసుకుని కూరగాయలకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది.

"నిన్న పక్కింటావిడతో అన్నాను తమ్ముడూ, నువ్వు మనిషివి కాదు, దేవుడివని" అని చెప్పి వెళ్ళిపోయింది.

బాబాయి చేతిలో కత్తి ఆగిపోయింది. ఇక మొయ్యలేననిపించింది. షాపు పోతే పోనీ, భార్య తిడితే తిట్టనీ.

"బావా, ఆ రోజు ఎడమపక్క మూడుసార్లు తిప్పాను."

కిటికీ బయట ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"నాకు తెలియదా? మెడ నాదేగా" అన్నాడు పెయింటర్. ఆ జబ్బు తర్వాత అతను ఒక్కో మాటా కూడబలుక్కుని మాట్లాడతాడు. "ఆసుపత్రిలో మొదటిరోజే అడిగారు. స్కానింగ్‌లో చీలిక కనపడింది. మెడ ఎవరన్నా తిప్పారా అన్నారు. లేదని కుడిచెయ్యి ఊపా."

బాబాయి కత్తి కింద పెట్టి మంచం అంచున కూర్చున్నాడు. నా కోసం అబద్ధం ఆడాడు, చావుబతుకుల్లో ఉండి కూడా నన్ను కాపాడాడు అనుకుని చేతులు జోడించబోయాడు.

"ఆగు. నీ మీద ప్రేమతో అనుకుంటున్నావేమో, కాదు" అన్నాడు పెయింటర్. "నోరు పోయింది, చెయ్యి పోయింది. ఇంక నా గడప ఎవరు తొక్కుతారా అని మంచంలో పడుకుని ఆలోచించా. బోర్డులు రాయించుకునేవాళ్ళు రారు. చుట్టాలు రెండుసార్లొచ్చి మానేస్తారు. మిగిలింది నువ్వు. చెప్పానంటే మొహం చెల్లక నువ్వూ రావు. చెప్పకపోతే వస్తావు. లోపల కాలుతుంటుంది కదా, రోజూ వస్తావు. అందుకని చెప్పలా."

"పదకొండు నెలలు, బావా! పదకొండు నెలలు నన్ను చంపుకు తిన్నావు."

"నువ్వు మాత్రం? రోజూ ఎదురుగా నిలబడి, ఎండ వల్లేనన్నావుగా."

బాబాయి, "తిప్పకముందే చీలి ఉండొచ్చని కూడా ఒక డాక్టరమ్మ అంది" అన్నాడు. "ఉండొచ్చు" అన్నాడు పెయింటర్. "ఏది ముందో ఎవరికీ తెలియదట." "నాకూ తెలియదు." ఎడమ చెంప మీద నురగ ఆరిపోయి చారలు కట్టింది. బాబాయి లేచి మళ్ళీ తడిపి, మళ్ళీ నురగ పెట్టి, ఆ సగం గీశాడు. అయ్యాక సామాను సర్దుకుని, వస్తానని కూడా చెప్పకుండా బయటికి నడిచాడు. వెనక నుంచి పెయింటర్ "రేపు..." అన్నాడు. ఆ మాట పూర్తి చెయ్యలేదు.

మర్నాడు పొద్దున బాబాయి పెట్టె ముందు పెట్టుకుని కూర్చున్నాడు. కడుపులో ఉన్నది కక్కేశాడు కదా, ఆ మెత్తటి చప్పుడు పోతుందనుకున్నాడు. భార్య పెరట్లో బట్టలు పిండుతోంది, చప్పుడు ఎప్పటిలాగే వినపడింది. దాని పక్కన ఇప్పుడు కోపం కూడా వచ్చి చేరింది. తను కుమిలిపోతుంటే చూస్తూ కూర్చున్నాడే! ఇప్పుడు ఎందుకు వెళ్ళాలి? దాచాల్సింది లేదు, తీర్చుకోవాల్సింది లేదు. వెళ్ళకపోతే ఎవరేమంటారు?

"వెళ్ళరా ఏంటి ఇవాళ?" అని భార్య తడిచేతులతో వచ్చి అడిగింది.

అతను పెట్టె తెరిచి కత్తి తుడుస్తూ కూర్చున్నాడు. పదకొండు నెలలు ఆ తలుపు తట్టేముందు రోజూ గుండె దడదడలాడేది. ఇవాళ ఆ దడ తలుపుకి అవతల, కుర్చీలో కూర్చున్నవాడికి ఉంటుంది. ఆ భయం ఎలా ఉంటుందో తనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పగవాడికి కూడా వద్దనుకున్నాడు. వీడు పగవాడు కూడా కాదు.

ముప్పావుగంట ఆలస్యంగా వెళ్ళాడు. తలుపు తెరిచే ఉంది. పొయ్యి మీద నీళ్ళు సగానికి మరిగిపోయాయి. పెయింటర్ కిటికీ పక్కన కుర్చీలో, మెడ చుట్టూ తువ్వాలు తనే కట్టుకుని కూర్చున్నాడు. ముడి మెడ దగ్గర పడక ఎక్కడో భుజం కిందికి పోయింది. ఒక కొస చిరిగింది కూడా, ఎన్నిసార్లు ప్రయత్నించాడో. గుమ్మంవైపు చూడలేదు.

బాబాయి పెట్టె కింద పెట్టి, ఆ ముడి విప్పి, మెడ చుట్టూ సరిగ్గా మళ్ళీ కట్టాడు.